దుర్గాశ్రీ మాట తెలిసిన చెయ్యి

మొగల్తూరు,
మార్చి 16, సాయంత్రం.

భీమరాజు అన్నయ్యకి,

చెల్లెలు మాణిక్యం నమస్కారాలు. మేమంతా కులాసా. మీరూ అలాగే ఉన్నారనుకుంటున్నాను. రెండు వీధుల అవతల ఉన్న మనిషికి ఉత్తరం ఏంటని నవ్వుకోకు. ఫోను ఎత్తవు, గుమ్మంలోకొస్తే లోపలికి వెళ్లిపోతావు. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని నీ కూతురికి పదో తరగతి ఎందుకు, నలుగురిలో నవ్వులపాలవడానికా అన్నావు. నేను వినలేదు. అప్పట్నుంచీ ఇంతే.

ఈ రోజు దుర్గాశ్రీ మొదటి పరీక్ష.

ఇలాంటి పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రంలో మధులత టీచరు గారు దానికి వ్యాయామాలు చేయించి, పాఠాలు చెప్పారు. ప్రభుత్వమిచ్చిన చక్రాల కుర్చీలోనే బడికెళ్లింది. పరీక్షకి, అది చెబితే రాసిపెట్టే పిల్లనీ, అదనపు సమయాన్నీ ఇచ్చారు. అన్నీ కుదిరాయనుకున్నాను.

తీరా రాయడానికి వచ్చిన పిల్లకి దీని మాట అర్థం కాలేదు. మనకి అలవాటు గానీ, కొత్తవాళ్లకి గొణిగినట్టే ఉంటుంది కదా. ఆ పిల్ల భయపడి ఏడ్చేసింది. దుర్గాశ్రీ చెప్పిందే చెబుతూ, చెమటలు పట్టి కుర్చీలో బిగుసుకుపోయింది. నన్ను వరండా దాటనివ్వలేదు.

పరీక్ష సెంటరు చూసే అప్పాజీ మాస్టారు, నేనేం చెయ్యనండి, మనిషిని మార్చాలంటే పైనుంచి అనుమతి రావాలండి అన్నారు. మధులత గారు విద్యాశాఖ ఆఫీసుకి ఫోను మీద ఫోను చేస్తున్నారు. గంట కొట్టేశారు. గేటు మూసేశారు. నాకు నువ్వన్న మాటే చెవిలో మోగింది.

అప్పుడు గేటు బయట నుంచి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, నేను రాస్తానండి, తన మాట నాకు తెలుసండి అంది. పక్కన ఇంకో టీచరుని కూర్చోబెట్టాలన్న షరతు మీద ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు. అప్పాజీ మాస్టారు ముందు ఒక వాక్యం చెప్పించి, రాయించి చూశారు. అక్షరం పొల్లుపోలేదు. పోయిన సమయం కూడా చివర్లో కలిపి ఇచ్చారు.

బయటికొచ్చాక దుర్గాశ్రీ, అన్నీ చెప్పానమ్మా అంది. ఇంటికొస్తూనే కుర్చీలోనే నిద్రపోయింది. అంత అలిసిపోయింది.

నిన్ను నిష్ఠూరమాడాలని రాయలేదు. వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
రత్నమాణిక్యం

తా.క.: ఆ పిల్ల పేరు చెప్పనని మాటిచ్చాను కాబట్టి ఇక్కడితో ఆపాను. ఇప్పుడు తనే వచ్చి, చెప్పెయ్యత్తా, నాన్నకి అబద్ధం చెప్పి రావడం ఇంక నావల్ల కాదు అంటోంది. రాసింది నీ కూతురు వర్షిణి. ట్యూషన్‌కని చెప్పి, ఇన్నాళ్లూ సాయంత్రాలు వచ్చి దుర్గాశ్రీతో చదువుకునేది. బంధువేనని మధులత గారు ఆఫీసుకి ముందే చెప్పారు. దాన్ని కొట్టకు అన్నయ్యా. ఎల్లుండి హిందీ పరీక్ష. నువ్వు పంపకపోతే దుర్గాశ్రీ మాట రాసేవాళ్లు లేరు. ఈ ఉత్తరం వర్షిణే తెస్తోంది. నువ్వు చదవడం అయ్యేదాకా ఎదురుగానే నిలబడతానంది.