అన్న గీయని నెమలి

ఆదివారం, జనగామ

అన్న పోయాక ఈ రోజే మొదటిసారి ఇత్తడి రేకు మీద గీత పెట్టాను.

మా ఇంట్లో బొమ్మ గీసేది ఎప్పుడూ అన్నే. ఆ గీతల వెంట ఉలి పెట్టి కొట్టడమే నా పని. జఫర్‌గఢ్ వాళ్లు గుడి తలుపు కోసం నెమలి బొమ్మతో అడిగిన రేకు వానకాలం నుంచి గోడకు ఆనించే ఉంది. రోజూ దాన్ని చింతపండుతో తోముతాను, ఉలులు నూరుతాను, అంతటితో లేచిపోతాను.

పొద్దున చింతపండు డబ్బా కోసం వెతుకుతుంటే, వదిన దాన్ని చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఎంతగనం తోముతవ్ శ్రీనూ? రేకు అరిగిపోతది. ఇయ్యాల గియ్యి."

"నాకు రాదు వదినె. ఖరాబైతది."

"అయితె కానీయ్. ఒక్క గీత పెట్టు."

నెమలి మెడ దగ్గర మొదలుపెట్టాను. అది వంకరపోయింది. చెరిపి గీస్తే ఇంకా లావైంది. ఇక చెరపకుండా రెక్కలోకి వెళ్లిపోయాను. సాయంత్రానికి నెమలి అయితే అయింది.

వదిన వచ్చి చాలాసేపు చూసింది.

"ఆయన గీసినట్టు లేదు."

"లేదు వదినె."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ రేకు అన్న కోసం ఎదురు చూస్తున్నట్టే ఉండేది. నాకూ అన్న వచ్చి గీస్తాడన్నట్టే ఉండేది. ఇప్పుడు దాని మీద నా నెమలి ఉంది.

రేపు ఉలి పెట్టాలి.