పసుపు పూసిన చెక్క

ఇబ్రహీంపట్నం

అమ్మా,

నేను బాగున్నాను. ఫోన్లో చెబితే సగం విని గాబరా పడతావు. ఈ కార్డు చెల్లె కరుణతో నిదానంగా చదివించుకో.

దసరాకు పనిముట్లతో పాటు పరంజా చెక్కలకూ పసుపు పూసి మొక్కాం. మర్నాడు గోడలకు సిమెంటు పూసే గిలాబు పనికి చెక్కలు పైకి ఎత్తుతుంటే ఒకటి నడుమ వంగినట్టు అనిపించింది. "పూజ జేసిన చెక్క, ఏం గాదు" అన్నాడు కాశయ్య మేస్త్రి. నేను వినకుండా కడిగాను. పసుపు పోయాక అడ్డంగా పగులు బయటపడింది. అయినా ఆయన ఒప్పుకోక, దాన్ని నేల మీదే రెండు ఇటుకలపై పెట్టి తనే ఎక్కాడు. చెక్క ఫట్టున విరిగింది, మేస్త్రి చతికిలబడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని, "ఇగ నువ్వు సూసి మంచిగున్నదన్నంకనే ఎవలైనా ఎక్కాలె" అన్నాడు. కాబట్టి నా గురించి ఫికర్ పెట్టుకోకు.

బర్రె ఈనిందా? మామిడి తొక్కు అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తే పంపు. బాపుకు మందులు మానొద్దని చెప్పు. చిన్న చెల్లెకు ముద్దులు, మీ ఇద్దరికీ దండాలు.

మన అటక నిచ్చెనకూ నువ్వు ఏటా పసుపు పూస్తావు కదా. పసుపు కడగమన్నానని నీకు కోపం వచ్చినా సరే, కడిగి ప్రతి మెట్టూ చూసేదాకా దాని మీద కాలు పెట్టకు.

నీ బాలేష్