మూడు దారుల వాల్వు, నాలుగు ఖాళీ కుర్చీలు

సరస్సు ఒడ్డు, వేసవి కుటీరం
జనవరి, ఆదివారం

ప్రాణసమానురాలైన సోల్వేగ్‌కు (ఇకపై ఈ ఉత్తరంలో 'ఫిర్యాదుదారు'),

మన పెళ్ళయిన నాటి నుంచి నిన్ను ఈ పేరుతో పిలవవలసి వస్తుందని నేను అనుకోలేదు. కానీ మన ఇంటి నేలవేడి పంపులో వాల్వు చెడిందని నువ్వు మా ఫ్యాక్టరీకి ఫిర్యాదు పెట్టావు. అలాంటి ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే ఆ ఫ్యాక్టరీ వారంటీ సంఘంలో నేను సభ్యుణ్ణి. ఫిర్యాదుదారుతో ఒకే కప్పు కింద నిద్రించడం సభ్యుడికి తగదని తోచి, పెట్టె సర్దుకుని ఇక్కడికి వచ్చేశాను. సర్దుతుంటే గుమ్మంలో నిలబడి, "నిష్పక్షపాతానికి ఉన్ని మేజోళ్ళు ఎన్ని జతలు కావాలోయ్?" అని అడిగావు. ఆ ప్రశ్నకు ఇంతవరకు నా వద్ద లిఖితపూర్వకమైన సమాధానం లేదు.

వాస్తవాలను మరొకసారి నమోదు చేస్తున్నాను. మన పెరట్లోని బోరులోంచి పంపు తెచ్చే వేడిని ఆ వాల్వు ఒకసారి గదుల రేడియేటర్లకు, ఒకసారి కుళాయి నీళ్ళకు మళ్ళించాలి. మనది కుళాయి వైపే బిగుసుకుపోయింది. అందువల్ల గదుల్లో మాట్లాడితే నోట్లోంచి ఆవిరి. స్నానాల గదిలో మాత్రం పొగలు కక్కే నీళ్ళు. నువ్వు తొట్టిలో మెడదాకా మునిగి, అడ్డంగా రొట్టె కోసే పలక పెట్టుకుని ఫిర్యాదు రాశావు. తడి మరకలతో అది సంఘానికి అందినప్పుడు, "ఇంత మర్యాదగా తిట్టిన కాగితం నా సర్వీసులో చూడలేదు," అన్నాడు అధ్యక్షుడు రుట్గెర్. నాకు కలిగిన గర్వాన్ని నేను దగ్గుగా మార్చుకున్నాను.

ఫ్యాక్టరీ జవాబు నీకు కంఠస్థమే: ఇంటి యజమాని పంపులోని ఫిల్టరు శుభ్రం చేయలేదు, మురికి చేరి వాల్వు పట్టేసింది, ఇది నిర్లక్ష్యం, వారంటీ వర్తించదు. పోనీ ఉద్యోగుల తగ్గింపు ధరకు కొత్త వాల్వు కొంటానన్నాను. "వాల్వు సంగతి తర్వాత. నిర్లక్ష్యం అన్నారే, ముందు ఆ మాట వెనక్కి తీసుకోమను," అన్నావు. ఇంట్లో గ్లాసులో నీళ్ళు గడ్డకట్టినా నీ మాట కరగలేదు.

ఇప్పుడు ఆ రోజు గుమ్మంలో చెప్పలేకపోయినది రాస్తున్నాను. అక్టోబరులో ఆ ఫిల్టరు విప్పి కడిగింది నువ్వు. టార్చి పట్టింది నేను. దీనికి ప్రపంచంలో సాక్షిని నేనొక్కణ్ణే. అయితే భర్త సాక్ష్యం చెల్లదు. సొంతవాళ్ళ విషయం వచ్చినప్పుడు సభ్యుడు లేచి గది వదలాలి. ఫ్యాక్టరీ జవాబు సరైనదో కాదో తేల్చడానికి మంగళవారం సంఘం నీ కేసు పిలుస్తుంది. నేను లేచి బయటికి పోతాను. నిన్ను ఒంటరిగా వదిలి వెళ్ళడానికి ఇంత చక్కని నిబంధన దొరకడం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

నిబంధనలకు లోబడి,
నీ ఇంగెమార్

వేసవి కుటీరం
బుధవారం

సోల్వేగ్,

నిన్న తలుపు అవతల ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు కనుక నివేదిస్తున్నాను.

నేను బయటికి వచ్చి నడవాలో కాఫీ ఫ్లాస్కు పక్కన నిలబడ్డాను. మరుక్షణమే తలుపు తెరుచుకుని రుట్గెర్ వచ్చాడు. "మా పిన్ని కూతురయ్యా! నేనెట్లా కూర్చుంటా?" అన్నాడు. వెనకే ఉల్రికా. "చర్చిలో సోల్వేగక్క పాటల బృందంలో నాది రెండో వరస. ఈస్టరుకి నాకు ఒంటిపాట ఇస్తుందో లేదో ఇంకా తేల్చలేదు. నాకు స్వార్థం లేదంటే దేవుడు ఒప్పుకోడు." చివరికి హోకన్, టోపీ చేత్తో పట్టుకుని. "సోల్వేగ్ వాళ్ళ అన్న, నేను ఒకే దుప్పివేట జట్టు. మాంసం వాటాల దగ్గర పోట్లాడుకున్నాం కూడాను."

సంఘమంతా నడవాలో. లోపల నాలుగు ఖాళీ కుర్చీలు, బల్ల మీద వాల్వు, ఎదురుగా నువ్వు.

"మరి ఇప్పుడు తీర్పు చెప్పేదెవరు?" అన్నాడు హోకన్.

"వాల్వు ఒక్కటే మిగిలింది. దానికీ చుట్టరికమే," అంది ఉల్రికా.

అప్పుడు నువ్వు తలుపు తీశావు. "నాకు నేనే తీర్పు చెప్పుకుంటే బాగోదు. నేనూ వస్తున్నా," అని మా వరసలో వచ్చి నిలబడ్డావు. ఆ గది మొత్తం నీది, కుర్చీలన్నీ నీవి, అయినా నువ్వు కూర్చోలేదు. నా ఉద్యోగ జీవితంలో నిబంధనను అంత అందంగా పాటించిన మనిషిని నేను చూడలేదు. ఇది నా అధికారిక అభిప్రాయం.

"ఇక ఇది సమావేశం కాదు. ఏమీ రాసుకోవద్దు," అన్నాడు రుట్గెర్. తర్వాత నేనన్నది నీకు తెలుసు, అయినా సంతకంతో మళ్ళీ చెబుతున్నాను: ఇక్కడ నేను సభ్యుణ్ణి కాను, భర్తను. ఫిల్టరు సోల్వేగ్ కడిగింది. నేను చూశాను.

హోకన్ కప్పులోకి చూస్తూ, "మా ఇంట్లోనూ పట్టేసింది. తగ్గింపులో కొనేశా," అన్నాడు. "మాదీ," అంది ఉల్రికా. రుట్గెర్ గొంతు తగ్గించాడు. "మా అత్తగారింట్లో రెండుసార్లు. ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీ పరువు కదా." నువ్వు 'చూశారా' అనలేదు. ఫ్లాస్కు ఎత్తి అందరికీ పోసి, కోటు వేసుకుని వెళ్ళిపోయావు.

నువ్వు వెళ్ళాక జరిగింది ఇది. మేం నలుగురం ఆ కుర్చీల్లో కూర్చున్నాం, సంఘంగా కాదు, వాల్వు చెడిన నాలుగిళ్ళ తరఫు మనుషులుగా. తలా ఒక ఫిర్యాదు రాసి, నీ తడి కాగితానికి గుచ్చి యాజమాన్యానికి పంపాం. నేను సంఘానికి రాజీనామా కూడా జతచేశాను. టార్చి పట్టినవాణ్ణి టార్చి పట్టాననకుండా ఆపే కుర్చీ నాకిక వద్దు.

నీ ఇంగెమార్
(హోదా లేదు)

ఇల్లు
ఫిబ్రవరి, మంగళవారం

ఇంగెమార్,

ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. లోపం వాల్వుదేనట. 'నిర్లక్ష్యం' అన్న మాట ఉపసంహరించుకున్నారు, క్షమాపణతో. ఇలాంటి వాల్వు ఉన్న ఇళ్ళన్నిటికీ వాళ్ళే వచ్చి మారుస్తారట. ఆ ఉత్తరాన్ని స్నానాల గదిలో తొట్టికి ఎదురుగా అంటించాను. మనది నిన్ననే మార్చారు. రేడియేటర్లు పొద్దుటి నుంచి గలగలలాడుతున్నాయి. ఉల్రికాకు ఒంటిపాట ఇచ్చాను. ఇవ్వాలని క్రిస్మస్ అప్పుడే అనుకున్నాను, ఎవరూ అడగలేదు.

గురువారం బఠాణీల సూపు, అట్లు. వచ్చెయ్. మేజోళ్ళన్నీ వెనక్కి తెచ్చుకో.

ఒక్క ఫిర్యాదు మాత్రం మిగిలింది. ఆ రోజు ఫిల్టరు కడుగుతుంటే నువ్వు టార్చి నా కళ్ళలోకి కొట్టావు. మొత్తం చేత్తో తడుముకుంటూ విప్పాను. ఉన్న ఒక్క సాక్షి పరువు పోతుందని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

నీ సోల్వేగ్