రెండు పక్కలా సమానం

మూడో తారీఖు

కోడలు పిల్లకి,

మీ మేనమామ దీవెనలు. నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. నువ్వు పంపిన పార్సిలే బాగాలేదు.

ఇంకా దారం కూడా విప్పలేదు, అది లోపల్నించి గుర్రుమంది. మీ అత్తయ్య వీధిలోకి పరిగెత్తింది. నేనే గుండె దిటవు చేసుకుని విప్పాను. చూస్తే ఏముంది, ఉప్పు కాగితం తిప్పే బ్యాటరీ మిషను! అరచేతిలో పట్టేంత ఉంది గానీ పొగరు మాత్రం పిండిమరకున్నంత.

నాకు మిషను పంపుతావా? ముప్పై ఎనిమిదేళ్లు సెలూన్ నడిపినవాణ్ణి. చెంప మీద ఒక్కసారి వేలి వెనక్కి ఆనిస్తే ఏ మూల గరుకు మిగిలిందో చెప్పేవాణ్ణి. ఎదురుషాపువాడు కరెంటు ట్రిమ్మర్ తెచ్చి నా గిరాకీ మొత్తం ఊడ్చుకుపోయాడని, అందుకే మూడేళ్ల కిందట షాపు మూసేశానని తెలిసి కూడా ఆ మోటారు జాతిని నా ఇంటికి తోలావా?

ముప్పయ్యో తారీఖున మీ నాన్న రిటైరవుతున్నాడు కదా. ఇరవై ఆరేళ్లు ఏటి మీద ఇటూ అటూ నడిపిన లాంచీకి నకలు ఒకటి చేసిపెట్టమని సిబ్బంది అంతా వచ్చి నన్నడిగారు. అసలు లాంచీలో యాభయ్యో వంతు. మూరెడు కూడా ఉండదు. నేను చెయ్యలేకపోతే గోడగడియారం కొనిస్తారట. మీ ఇంట్లో ఇప్పటికే మూడున్నాయి, మూడూ మూడు టైములు చూపిస్తాయి. బావకి నాలుగో టైము అక్కర్లేదు. చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి దిమ్మ తయారుచేశాను. దాన్ని అరగదీసి పడవ ఆకారానికి తేవాలి. చేత్తోనే తెస్తా. నీ మిషను మంచం కింద పడుకోబెట్టాను.

జిగురంతా దిమ్మకే అయిపోయింది. కవరు అంటించడానికి లేక మూత లోపలికి దోపి పంపుతున్నా.

ఇట్లు, ఇంకా చేతులున్న
మీ మామయ్య

తా.క. (అత్తయ్య రాత): వీధిలోకి పరిగెత్తింది నేను కాదమ్మా, ఆయన. నేను తలుపేసి గడియ పెట్టాను, ఆయన బయట ఉండగానే.


ఆరో తారీఖు

మామయ్యా,

నీ కోడలి దండాలు. ముందు ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, తర్వాత ఈ ఉత్తరం చదువు.

పొద్దున్నించి సాయంత్రం దాకా జనం నోళ్లలో మోటారు తిప్పేదాన్ని నేను. పళ్ల డాక్టరు మాట విను. తప్పు మోటారుది కాదు, దాన్ని అదిమే చేతిది. అయిదు స్పీడులున్నాయి, ఒకటో నంబర్ దాటకు. ఆనించీ ఆనించనట్టు పట్టుకో. ఒకేచోట నిలపకు. మధ్యమధ్య కాస్త తడి చెయ్యి, వేడెక్కదు. మొత్తం ఆకారం దాంతో తెచ్చుకో, మూలలూ చివరి నునుపూ నీ చేత్తోనే చేసుకో. ప్లాస్టిక్ షీటుతో పైగది కడతావు చూడు, దాని దగ్గరికి మిషన్ని రానివ్వకు, కరిగి ఊరుకుంటుంది.

ఆ బొటనవేలు ఎలా ఉంది? టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటున్నావని అమ్మ చెప్పింది.

ఇంకోటి. కవరు అంటించు మహానుభావా! పోస్టు సంచి వచ్చేది నాన్న లాంచీలోనే, అదీ ఆయన కూర్చునే గదిలో, ఆయన కాళ్ల దగ్గర. నువ్వు వంటింటి తలుపు నున్నగా చేస్తున్నావని ఆయనకి ఒక అబద్ధం చెప్పిపెట్టాను. బయటపెట్టకు.

నీ
కోడలు పిల్ల

తా.క. నీ లాంచీ ఎంత బుద్ధిమంతురాలో! నోట్లో మిషను పెట్టాక మా పేషెంట్లకి సొంతూరి కబుర్లు గుర్తొస్తాయి.


పదో తారీఖు

కోడలు పిల్లకి,

దీవెనలు. నీ మాట తీసేయలేక మిషన్ని మంచం కిందనించి లేపాను. అంతకుముందు నాలుగు రోజులు చేత్తో రుద్దితే దిమ్మకి ఏమీ కాలేదు, నా వేలే అరిగింది. అది వేరే సంగతి.

ఏం చెప్పమంటావు తల్లీ! నాలుగు రోజుల పని అరగంటలో తేల్చేసింది. పాత షాపు దుప్పటి దిమ్మ మెడకి కట్టాను, పొడి రాలకుండా. మీ అత్తయ్య మగ్గుతో నీళ్లు చిలకరించింది. నాకు హుషారొచ్చి పాట కూడా ఎత్తుకున్నాను. ఒకటో నంబరు మరీ నసపెడుతోందని నాలుగో నంబరు పెట్టాను.

ఆ పాటలోనే ఎడమపక్క కాస్త ఎక్కువ పోయింది. కంగారేం లేదు. మా వృత్తిలో ఇది రోజూ ఉండేదే. ఒక చెవి దగ్గర క్రాపు ఎక్కువ పోతే రెండో చెవి దగ్గరా తీసేస్తాం, సమానమవుతుంది. కుడిపక్క తీశాను. అది ఒక్క పిసరు ఎక్కువైంది. మళ్లీ ఎడమపక్క తీశాను. ఇప్పుడు దాదాపు సమానం.

మీ నాన్న ఉత్తరాలు చదువుతాడని భయపడుతున్నావా? నవ్వొస్తోంది. ఇన్నేళ్లలో బావ కాగితం చదవగా నేను చూడలేదు. పెళ్లి శుభలేఖ చేతికిచ్చినా భోజనాలు ఎన్నింటికని నన్నే అడిగాడు. అయినా జిగురు ఇంకా కొనలేదు.

ఇట్లు, మోటారుతో రాజీపడ్డ
మీ మామయ్య

తా.క. (అత్తయ్య రాత): జాకెట్లు కొలిచే టేపుతో నేను రోజూ కొలుస్తున్నానమ్మా. దిమ్మ వెడల్పు మొదట తొమ్మిది సెంటీమీటర్లు. ఇవాళ ఏడు. మీ నాన్న లాంచీలో వరసకి ఆరుగురు కూర్చుంటారు. ఇందులో నలుగురు, అదీ చుట్టరికం ఉంటేనే.


పదమూడో తారీఖు

మామయ్యా,

ఆపు! ఈ ముక్క చదివేటప్పటికి చేతిలో మిషనుంటే ముందు కింద పెట్టు.

క్రాపు అయితే నెల తిరిగేసరికి మళ్లీ పెరుగుతుంది. చెక్క పెరగదు. ఇకమీదట తీసెయ్యడం లేదు, నింపడమే. ఎడమపక్క పోయినచోట లప్పం మెత్తి ఎండనివ్వు. కుడిపక్క ముట్టుకోకు. నీకు దండం పెడతాను, కుడిపక్కని చూడను కూడా చూడకు.

నీ
కోడలు పిల్ల

తా.క. నిన్న ఒకాయనకి ఎడమ పన్ను తీశాను. కుడి పన్ను జోలికెళ్లలేదు. ఆయన చాలా సంతోషంగా వెళ్లాడు.


పదిహేడో తారీఖు

తల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికి రెండు పక్కలూ చక్కగా సమానమై ఉన్నాయి. కానీ డాక్టరు ఎడమపక్క లప్పం పెట్టమంది కదా, పెట్టాను. దాంతో ఎడమపక్క లావైంది. లావైనదాన్ని తీశాను. మళ్లీ ఎక్కువ పోయింది. ఇక కుడిపక్క ఏం చేశానో అడక్కు.

ఇప్పుడు అది లాంచీ కాదు, దువ్వెన. షాపు తువ్వాలు తడిపి దాన్ని చుట్టేసి అటక మీద పెట్టాను. వేడి దిగనీ. నేను మళ్లీ ముట్టుకోను. గోడగడియారమే కొనుక్కోమని సిబ్బందికి రేపో ఎల్లుండో చెప్పాలి, నోరు రావడం లేదు.

ఇంతదాకా వచ్చింది గనక నీకొక నిజం చెబుతాను. ట్రిమ్మర్‌వాడు నా గిరాకీ లాక్కుపోలేదు. అంతా అబద్ధం. మూడేళ్ల కిందట ఒకరోజు మీ నాన్నకి గడ్డం గీస్తున్నాను. బొటనవేలు నా మాట వినలేదు. చుబుకం కింద కుడిపక్క ఇంత పొడుగున గాటు పడింది. చొక్కా అంతా రక్తం. ఆయన తువ్వాలు అదిమిపెట్టుకుని లేచివెళ్లి, లాంచీ తాడు కొట్టుకుందని ఊరందరికీ చెప్పాడు. మర్నాడే నేను షాపు మూసేశాను. అప్పట్నించి ఆయన మొహం చూసినప్పుడల్లా ముందు ఆ మచ్చే కనబడుతుంది. ఈ చేతుల్తో ఆయనకి ఒక్క మంచి పని చేసిపెట్టాలనుకున్నా. అదీ కాలేదు. సిగ్గుగా ఉంది తల్లీ.

మీ మామయ్య

తా.క. (అత్తయ్య రాత): వెడల్పు అయిదు సెంటీమీటర్లు. మీ మామయ్య మధ్యాహ్నం రెండింటికి పడుకుంటే నాలుగున్నర దాకా బాంబేసినా లేవరు. ఆ టైములో పెరటి తలుపు తీసే ఉంటుంది. ఊరికే రాస్తున్నా.


ఇరవై రెండో తారీఖు

మామయ్యా,

నీ ఉత్తరం చదివి క్లినిక్‌లో అరగంట తలుపేసుకుని కూర్చున్నాను. పిచ్చి మామయ్యా! తాడు కొట్టుకుందనే నేనూ నమ్మాను. ఆయన ఒక్కనాడూ నీ పేరెత్తలేదు. సిగ్గుపడాల్సిన పనేం లేదు. గడియారం కొనద్దని నేనే సిబ్బందికి కబురుపెట్టాను. ఇంకా వారం ఉంది.

అంతకంటే పెద్ద బెంగ ఇంకోటి వచ్చిపడింది. నాన్నకి ఏదో అయింది. నాలుగు రోజులుగా మధ్యాహ్నం ట్రిప్పులు జూనియర్‌కి ఇచ్చేస్తున్నాడట. నిన్న పొద్దున లాంచీ దిగుతుంటే చూశాను, కాలరు మీద చెక్కపొడి, జేబు దగ్గర లప్పం మరక. ఏంటిదని అడిగితే గడ్డం గీయించుకున్నానన్నాడు. ఏ మంగలి మామయ్యా, గడ్డం గీస్తే చెక్కపొడి రాలేది?

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేనని ఏ వడ్రంగి కార్ఖానాలోనో చేరిపోయుంటాడు. అరవయ్యేళ్ల మనిషి, రంపం మీద చెయ్యి పడితే? మధ్యాహ్నాలు ఎక్కడికెళ్తున్నాడో నువ్వు కాస్త కనిపెట్టి రాయి. నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ
కోడలు పిల్ల

తా.క. అత్తయ్యా, మీ పెరటి తలుపు సంగతి ఏరు అవతలున్న నాకెందుకు రాశావు?


ఇరవై తొమ్మిదో తారీఖు

కోడలు పిల్లకి,

కోటి దీవెనలు! రేపు ఫంక్షన్‌కి ఎలాగూ వస్తున్నావు. కానీ రేపు అందరూ ఒకేసారి మాట్లాడతారు, నా గొప్ప ఎవరూ చెప్పుకోనివ్వరు. అందుకే ఇవాళే రాస్తున్నా.

మొన్న పొద్దున పోనీలే అని అటక మీంచి తువ్వాలు దింపి విప్పాను. లాంచీ! నిండుగా, బొజ్జ మీద చెయ్యేసుకుని కూర్చున్నట్టు, తొమ్మిది సెంటీమీటర్లు! తడి గుడ్డలో పదిరోజులుంటే చెక్క ఉబ్బదా మరి? రెండు పక్కలా ఒకేలా ఉబ్బింది. నేను అంత సమానంగా తీశాను కాబట్టే అంత సమానంగా ఉబ్బింది. మా వృత్తి గొప్పతనం అదీ. నాలుగైదుచోట్ల గరుకు మిగిలింది. సన్న కాగితం పట్టుకుని రెండు రోజులు నిదానంగా చేత్తో రుద్దాను. వణికే వేలికి ఆ పని బాగానే చేతనవుతుందే! పైగది బిగించి రంగు వేశాను.

ఇవాళ పొద్దున సిబ్బంది ఆగలేక బావని పిలిచేశారు. ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, అరే, ఒరే, అబ్బే అని మూడు రకాలుగా ఆశ్చర్యపోయాడు. తర్వాత లాంచీని చెంపకి ఆనించుకున్నాడు. "ఈ నునుపు నీదే బావా. ఇది నీ చెయ్యే," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

కాబట్టి మిషను మీద నా తీర్పు రాసుకో. పనికిరాదు. తీసెయ్యడమే తప్ప పెట్టడం తెలీదు దానికి. నువ్వు తీసేసుకుపో.

మీ నాన్నని కనిపెట్టి ఉండమన్నావు. చూశాను. పొద్దునా సాయంత్రం ఆయన ఎక్కడికీ వెళ్లడం లేదు. మధ్యాహ్నాలు నాకు కుదరలేదు, పడుకున్నా.

ఒక్కటే దిగులు. రేపు ఫంక్షన్‌కి నేనే గడ్డం గియ్యాలని బావ పట్టుబట్టాడు. వద్దంటే వినడు. రాత్రికి నిద్రపట్టేలా లేదు.

ఇట్లు, ఏడ్చినా గెలిచిన
మీ మామయ్య

తా.క. (అత్తయ్య రాత): చెక్క ఉబ్బలేదమ్మా, ఆయనే ఉబ్బారు. మిషన్ని మాత్రం తీసుకుపోకు. దాన్ని కుట్టుమిషను తొక్కినట్టు నెమ్మదిగా నడిపితే బంగారం. మిగతాది రాయాల్సినవాళ్లు రాస్తారు.

ఇంకో తా.క. (లాంచీ గదిలోంచి, రేవులో ఆగి ఉండగా): అమ్మాయీ, నేను, మీ నాన్నని. మీ మామయ్య ఇప్పటికీ జిగురు కొనలేదు. మొదటి ఉత్తరం సంచిలోంచి దానంతటదే జారి నా ఒళ్లో పడింది. మిగతావి నేనే జార్చాను. నీవి మాత్రం గట్టిగా అంటించి చంపుతావు, వెలుతురుకి పట్టుకున్నా ఒక్కముక్క కనబడదు. వాటిలో సంగతులు మీ అత్తయ్య నోటే విన్నా.

నేను ఏ కార్ఖానాలోనూ చేరలేదు తల్లీ. పెరటి తలుపులోంచి రోజూ మీ అత్తయ్య వంటింట్లోకి చేరాను. ఆవిడ దాన్ని అటక మీంచి దింపి, టేపుతో కొలిచి, నేను కొన్న జిగురుతో రెండు పక్కలా పలకలు అంటించింది. నేను మిషను పట్టాను, ఒకటో నంబర్‌లో, నువ్వు రాసినట్టే. లోపల ఆయన గురక ఉండగా ఈ మిషను చప్పుడు ఎవరికి వినబడుతుంది? కావాలనే నాలుగైదుచోట్ల గరుకు వదిలేశాం. ఆ చివరి నునుపు మాకు రాదు. అది నిజంగా ఆయన చెయ్యే. నా బహుమతి నేనే చేసుకుని నేనే ఆశ్చర్యపోవాల్సొచ్చింది. రెండోదే కష్టం, మూడు రోజులు అద్దంలో చూసుకుని నేర్చుకున్నా.

గాటు సంగతి చదివినరోజు మాత్రం రేవు దాటించి పదిగజాలు ముందుకు పోనిచ్చాను లాంచీని. ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి. కళ్లు సరిగా కనబడలేదు. మూడేళ్లుగా ఈ మనిషి నన్ను చూసి తల దించుకుంటుంటే, షాపు పోయిన దిగులనుకున్నా.

ఈ కాగితం చదివాక చించెయ్యి. ఆయన్ని చెక్క ఉబ్బిందనే అనుకోనీ. రేపు పొద్దున ఏడింటికి గడ్డానికి కూర్చుంటున్నా. కత్తితోనే గియ్యాలన్నాను. చెయ్యి వణుకుతుంది బావా అన్నాడు. వణకనీ అన్నాను. గాటు ఎలాగూ కుడిపక్క ఉంది, ఎడమపక్కా ఒకటి పడితే సమానమైపోతుంది.