పసుపు వేలిముద్ర

భూపాల్, అన్నం కుక్కర్ల ఉన్నది, పచ్చిపులుసు గిన్నె మీద మూత పెట్టిన. నా కొత్త మాక్రో లెన్స్ అల్మారాల పెట్టి తాళం వేసిన, వెతకకు.

లెన్స్ ఖరాబ్ కాలేదు. కెమెరాల ఎర్రర్ ఎందుకొచ్చిందంటే, వెనకాల కెమెరాకు తగిలే ఇత్తడి చుక్కల మీద నీ పసుపు వేలిముద్ర ఉన్నది. మెట్టుగూడల నీ దోస్తు హల్దీకి నన్ను అడగకుండ తీస్కపోయినవ్ గదా. పొడి బట్టతోని తుడిస్తే పోయింది. అక్కడ నీకు ఫోకస్ ఎందుకు కుదరలేదంటే, పూల మీద చీమలను తీసేందుకు నేను లెన్స్ మీది బటన్‌ను దగ్గరి ఫోకస్‌కు పెట్టుకున్న. అది మార్చకుండ దూరం నిలబడి పెండ్లివారిని తీస్తే, పాపం ముందుకు వెనుకకు కొట్టుకుంటది. నువ్వు విన్న గరగర చప్పుడు అదే.

తెచ్చి సప్పుడు జేయకుండ డబ్బల పెట్టినవ్. క్యాంపస్‌ల మా మేడమ్ ముందర కెమెరా తీస్తే ఎర్రర్, నా ఇజ్జత్ పోయింది. నువ్వేమో అమ్మతోని, "తార్నాక షాపోడు అక్కకు ఖరాబ్ మాల్ అంటగట్టిండు" అన్నవ్.

అందుకే నిన్న మధ్యాహ్నం నువ్వు నోరు తెరుచుకొని పండుకుంటే, నీ మీదనే టెస్ట్ చేసిన. ముక్కుల వెంట్రుకలు ఒక్కొక్కటి కనబడుతున్నయ్. మౌలాలి సంబంధమోళ్లు నీ ఫోటో అడిగిండ్రని అమ్మ చెప్పింది గదా, అదే పంపిన.

అక్క

మరిచిపోయిన, జవాబు వచ్చింది. ఫోటో మస్తు క్లియర్ ఉన్నదట. పిల్ల ఒక్కటే అడిగిందట, పండుకుంటే గరగర చప్పుడు గూడ చేస్తడా అని.