బర్లకు జాగా లేదు

ఏప్రిల్ 8

నిజామాబాద్‌లో మీటింగు. వానాకాలం ముందస్తు ప్రణాళిక. ఏసీ హాలు, బిస్కెట్లు, తెర మీద మ్యాపు. మా మండలం వంతు వచ్చేసరికి అందరికీ ఆకలి. ఏటిగడ్డ పేరు తెర మీద ఇలా వచ్చి అలా పోయింది. పునరావాస కేంద్రం — వాగు ఇవతలి హైస్కూలు.

చెయ్యెత్తాను. సార్, మంజీర నిండితే వాగు వెనక్కి తంతుంది, అన్నిటికన్నా ముందు మునిగేది వాగు మీది వంతెనే, మరి ఊరు ఊరంతా ఇవతలి బడికి ఎలా వస్తుంది? మా తహసీల్దారు సారు నన్ను చూసిన చూపు... ఇంట్లో మాట బజార్లో పెట్టినట్టు. వేదిక మీది ఆఫీసరు "మంచి పాయింటు, రాసుకోండి" అన్నారు. ఎవరూ రాసుకోలేదు. నేనే రాసుకున్నాను, ఇదిగో, ఇక్కడ.

ఏప్రిల్ 9

సారు పిలిచారు. "సుజాత గారూ, మీరు డిప్యూటీ తహసీల్దారు. ఏమన్న ఉంటే నాకు చెప్పాలె. అక్కడ లేపుడేంది?"

చెప్పాను కదా సార్, రెండుసార్లు.

"ప్లాను పైకి పోయింది. వచ్చే ఏడు మారుద్దాం."

అయితే వాగుకు కూడా చెప్పాలి, వచ్చే ఏడు దాకా ఆగమని.

ఈస్టర్

తెల్లవారకముందే మా పుట్టిన ఊరు ఏటిగడ్డలో. మా మార్తక్కతో కలిసి బావ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించాను. చర్చి వెనకంతా దీపాలే. సున్నం వేసిన మట్టి దిబ్బలు, బంతిపూలు. ఏలియా తాత తన భార్య సమాధి మీద సిలువకు తెల్లరంగు వేసి, ఇంకా ఆరలేదని ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. ఆ ఒక్క పనీ ఆయన ఇంకొకరికి అప్పజెప్పడు. చర్చి పెద్ద కదా, మిగతా పనులన్నీ అందరికీ అప్పజెబుతాడు.

వెలుగొచ్చాక అక్కడి నుంచి చూస్తే ఊరంతా కిందనే ఉంది. చెరుకు, దాని వెనక ఏరు, ఇటు వాగు. చిన్నప్పుడు నీళ్లొస్తే బాపు మమ్మల్ని ఈ దిబ్బ మీదికే తెచ్చిండు, నన్ను భుజాన, అక్కను చెయ్యి పట్టుకొని. ఇదంతా నాకు తెలిసిందే. అయినా ఇవాళే చూసినట్టుంది. వాగుకు ఊరి వైపు గట్టున, వంతెన దాటే పని లేకుండా, ఇంత ఎత్తు జాగా ఇదొక్కటే. చుట్టూ గోడ, దిబ్బ కింద ఇనుప గేటు, లోపల బోరు. కేంద్రం అంటే ఇది కాక ఇంకేది?

అక్కను అడిగాను, నీళ్లొస్తే ఇక్కడికి వస్తావా అని.

"బర్లు?"

బర్లు బయట ఉంటాయి.

"అయితే నేను గూడ బయటనే ఉంట. మీ బావ పోయినంక నన్ను సాదింది గవే. నువ్వు గాదు."

మాట పడ్డాను. నిజమే కాబట్టి పడ్డాను.

మే 3

రెండు మాటలు సారు ముందు పెట్టాను. ఒకటి, ఏటిగడ్డకు కేంద్రం చర్చి దిబ్బ. రెండు, పశువులకు కూడా చోటు. మొదటిదానికి "ఆలోచిద్దాం". రెండోదానికి "పశువుల సంగతి వేరే డిపార్ట్‌మెంటు".

బర్రెను ఒక డిపార్ట్‌మెంటు, దాని తాడు పట్టుకున్న మనిషిని ఇంకో డిపార్ట్‌మెంటు ఒడ్డెక్కించాలట.

మే 17

మాక్ డ్రిల్. ఇది మాత్రం వివరంగా రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

ఎండ మాడుతోంది. జీపు మీద సైరను. ఏటిగడ్డలో ముందురోజే చాటింపు వేయించారు కాబట్టి అందరూ తయారుగా ఉన్నారు — ఆడవాళ్లు మంచి చీరలు, పిల్లలకు పౌడరు. సైరను మోగింది. జనం కదిలారు. కదిలి... వంతెన దాకా రాలేదు. వాగు ఎండిపోయి ఉంది కదా, వంతెన మీదుగా చుట్టు తిరగడం దేనికని వాగులోకి దిగి, ఇసుకలో అడ్డంగా నడిచి, నేరుగా బడి వెనక తేలారు. చెప్పులు చేతబట్టుకొని, నవ్వుకుంటూ.

సారు గడియారం చూసుకొని మురిసిపోయారు. అనుకున్నదాంట్లో సగం టైముకే వచ్చారట. చప్పట్లు. బ్యానరు ముందు ఫొటో. వరద నుంచి కాపాడడానికి జనాన్ని వాగులోంచే నడిపించి తెచ్చాం, చప్పట్లు కూడా కొట్టుకున్నాం. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి, చేతులు ఏం చేయాలో తోచక.

తర్వాత ఖిచిడీ. అక్క రెండోసారి పెట్టించుకుంటూ, "ఖిచిడీ మంచిగుందే. బర్లను గూడ తోల్కరమ్మంటే తోల్కస్తుంటి. గవి ఫొటోల పడవా?" అంది. పక్కన ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మే 18

పేపర్లో ఫొటో. నా మొహం సగమే పడింది. ఆ సగం కూడా కోపంగా ఉంది.

జూన్ 8

సారు ఆలోచించేలోగా వానలు వచ్చేటట్టున్నాయి. ఆరాధన అయ్యాక నేనే ఏలియా తాతను అడిగాను. సంఘం పెద్దలు ఇంకో ఇద్దరు పక్కనే కూర్చున్నారు.

"మనుషులకైతే అడిగే పనే లేదు బిడ్డా. ఏ కులపోళ్లయినా రానీ, నట్టనడుమ పండనీ. దేవుని ఇల్లు."

బర్లు తాతా...

ఆయన లేచి వెనక కిటికీ తెరిచాడు. తర్వాత, "ఎనుక ఎవలు పండుకున్నరో నీకు తెల్వదా? మీ బావ లేడా? మా ముసల్ది లేదా? గా మెత్తటి మన్ను మీద బర్లు నడిస్తె ఏం మిగుల్తది?"

సమాధుల చుట్టూ వెదురు తడికెలు కట్టిద్దాం అన్నాను. "ఎవలు కట్టిస్తరు, సర్కారా?"

ఆయన తప్పు లేదు. అదే నా బాధ. సారు మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఈ ముసలాయన మీద ఎలా తెచ్చుకోను?

జూన్ 10

తడికెల సంగతి సారుకు చెప్పాను. "చర్చికి కంచె కొట్టించిన అంటే రేపు గుడోళ్లొస్తరు, ఎల్లుండి మసీదోళ్లొస్తరు. నా నౌకరీ ఉండాల్నా వద్దా?"

ఉండనివ్వండి సార్.

జులై 2

వాన.

జులై 6

వాన. సామాన్లు వచ్చాయి. లైఫ్ జాకెట్లు, తాళ్లు, టార్చీలు, ఒక గడ్డపార. స్టోర్ రూంలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి గుమాస్తా దగ్గర, గుమాస్తా లీవులో.

ఆగస్టు 4

పై డ్యాం గేట్లు ఎత్తారు. పొద్దున మెసేజి మాకు వచ్చి, మా దగ్గర్నుంచి ఊరికి చేరేసరికి వంతెన మీద మోకాలి లోతు. అనుకున్నట్టే. అచ్చం అనుకున్నట్టే. అనుకున్నట్టు జరిగితే సంతోషమట, ఎవరన్నారో.

నేను ఇవతలి గట్టున. హైస్కూలు తలుపులన్నీ బార్లా తెరిచి, పట్టాలు పరిచాం. పెద్ద బగోనాలో ఖిచిడీ పొగలు కక్కుతోంది. తినడానికి ఒక్క మనిషి లేడు. బోటు బోధన్ నుంచి వస్తోందట. వస్తోందట... వస్తోందట.

అక్కకు ఫోను. కలవదు. మళ్లీ. మళ్లీ. ఖిచిడీ చల్లారింది. చివరికి కలిసింది.

ఎక్కడున్నావే?

"చర్చి దిబ్బ మీద. ఊరంత ఈడనే ఉన్నది."

బర్లు?

"అవి గూడ."

గేటు?

"ఏలియా తాతనే తీసిండు. ముందుగాల్ల తియ్యలే. మనుషులు రాండ్రి అన్నడు, ఎవలు రాలే. ఆడోళ్లు, మొగోళ్లు అందరు తాళ్లు పట్టుకొని నీళ్లల్లనే నిలబడ్డరు. సూసి సూసి గేటు రెండు రెక్కలు తెరిసిండు. తెరిసి లోపటికి పోయి కూసున్నడు. ఎనుక దిక్కు సూస్తలేడు."

బడి వరండాలో నిలబడి ఏడ్చాను. భయం తీరినందుకో, ఆయన కోసమో. సారు చూసి, "మేడం, అంత మంచిగనే ఉన్నది కదా," అన్నారు.

ఆగస్టు 6

నీళ్లు దిగాయి. వెళ్లాను. మనుషులంతా క్షేమం. ఒక్క దూడ కూడా పోలేదు. చర్చి లోపల బెంచీల మీద ఆరేసిన చీరలు, మూలన పొయ్యిరాళ్లు.

వెనక... సమాధులు లేవు. మట్టి, పేడ, గిట్టల గుంతలు. అంతా ఒకటే బురద. తాత భార్య సిలువ రెండు ముక్కలై గోడకు ఆనించి ఉంది. ఎవరో కడిగి పెట్టారు.

బావ ఎక్కడున్నాడో గుర్తుపట్టలేకపోయాం. అక్క అటూ ఇటూ తిరిగి, చివరికి ఓ చోట ఆగి, "ఈడనే ఉంటడు. ఏమనుకోడు. ఆయనకు బర్లంటే పాణం," అంది. చెప్పి తలకొంగు సర్దుకుంది. అంతే.

నన్ను చూసి ఏలియా తాత చర్చి లోపలికి వెళ్లిపోయాడు.

ఆగస్టు 14

రేపు జెండా వందనంలో మా మండలానికి ప్రశంసాపత్రమట. "ముందస్తు ప్రణాళిక పకడ్బందీగా అమలు చేసినందుకు." ఏ ప్రణాళిక సార్ అని అడిగాను. "మేడం, ఒక్క పాణం పోలేదు. ఇంకేం గావాలె మీకు?"

తడికెలు కావాలి. సిలువ కావాలి. బర్రెలకు ఇంత జాగా కావాలి. ఇవన్నీ ఇక్కడే రాసుకుంటున్నాను. ప్లానులో కేంద్రం ఇప్పటికీ హైస్కూలే.

ఆగస్టు 24

చర్చికి వెళ్లాను. సమాధులకు మళ్లీ మట్టి పోశారు, అందాజాగా. ఏది ఎవరిదో అందరూ కూర్చొని ఒప్పుకున్నారట. సిలువకు ఇనుప పట్టీ వేశారు.

గేటుకు కొత్త తాళం. లావుపాటిది.

తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే, బోధన్‌లో ఉండే సంఘం ఖజానాదారు దగ్గరట. ఊళ్లో చర్చి, బోధన్‌లో తాళంచెవి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరు చేశారీ పని అని గట్టిగానే అడిగాను, చర్చిలో అని కూడా చూసుకోకుండా.

"నేనే బిడ్డా," అన్నాడు ఏలియా తాత. "మల్ల వచ్చి నిలబడితె నేను కాదనలేను. నా సంగతి నాకెర్కే. గందుకే నా దగ్గర పెట్టుకోలే."

ఇంటికి, బస్సులో నిజామాబాద్ దాకా అదే ఆలోచన. కాదనగలిగే మనిషయితే తాళంచెవి తన దగ్గరే పెట్టుకునేవాడు.

ఆగస్టు 25

సారుకు మళ్లీ చెప్పాను. తాళం సంగతి, తడికెల సంగతి. "చర్చోళ్ల ఇంటి పంచాయితీ మనకెందుకు?" మళ్లీ డ్రిల్ పెట్టాలట, ఇంకో ఫొటో కావాలట పైవాళ్లకు. ఎక్కడ సార్? "హైస్కూల్లనే."

సెప్టెంబర్ 11

రెండు రోజులుగా మహారాష్ట్ర వైపు మబ్బు. అక్కకు ఫోను చేస్తే, "చెరుకాకు కోసి పెట్టుకున్న, బర్లకు రెండు దినాలకు సాలుతది," అంది. అది కదా ముందస్తు ప్రణాళిక.

సెప్టెంబర్ 12, మధ్యాహ్నం

ఆఫీసులోనే రాస్తున్నాను. మళ్లీ డ్యాం గేట్లు ఎత్తారు. ఈసారి మెసేజి కోసం ఆగలేదు, నేనే అక్కకు చెప్పాను, లేవండి అని. లేచారు. దిబ్బ దగ్గరికి చేరారు. గేటుకు తాళం.

ఖజానాదారు నాందేడ్‌లో పెండ్లికి పోయాడు. ఫోను ఎత్తడం లేదు. తాళంచెవి ఆయన జేబులో ఉందో, ఇంట్లో బీరువాలో ఉందో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు.

పలగ్గొట్టండి అన్నాను అక్కతో. "ఎవలు పలగ్గొడ్తరే? చర్చి తాళం మీద మేము చెయ్యి వెయ్యం అని ఊరోళ్లంటున్నరు, రేపు లొల్లి అయితదని. చర్చోళ్లేమో తాత మొకం సూస్తున్నరు."

తాత ఎక్కడ?

"గేటు కాడనే. రెండు చేతులతోని సువ్వలు పట్టుకొని నిలబడ్డడు. మమ్మల్ని రాకుంట ఆపుతున్నడో, గేటునే ఊపుతున్నడో... నాకు తెలుస్తలేదు సుజా. ఎనుక నీళ్లొస్తున్నయ్."

సారు హైస్కూలుకు బయల్దేరారు, ఖిచిడీ వండించడానికి. నన్ను కూడా రమ్మన్నారు. స్టోర్ రూం తెరిపించాను. జాకెట్లు, తాళ్లు అలాగే ఉన్నాయి, కవర్లు కూడా విప్పలేదు. గడ్డపార మాత్రం తీసుకున్నాను. ఎందుకు మేడం అని గుమాస్తా. జీపు పిలిపించమన్నాను.

ఆ చర్చిలోనే నాకు బాప్తిస్మం ఇచ్చారు. తాతే నన్ను ఎత్తుకున్నాడట.

జీపు వచ్చింది. నీళ్లు వంతెన మీదికి ఇంకా ఎక్కలేదట. ఎక్కేలోగా గేటు దగ్గరికి చేరాలి.