ఈశాన్యం కాలు

జూన్ 3
ఇనుము కోసే లేత్ మిషన్ వచ్చింది. చిన్నదే అయినా మెట్ల కింద గదిలోకి చేర్చేసరికి మోసిన నలుగురికీ నడుములు పడిపోయాయి. బల్లకు నాలుగు బోల్టులు బిగించాను. మా ఆవిడ సత్యవతి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేదాకా స్విచ్చి వేయనివ్వలేదు. ఆరేళ్ల తర్వాత మళ్లీ కడ్డీని పట్టి తిప్పే చక్ తిరగడం చూశాను. సంతోషం.

జూన్ 4
తొలి కోత. జానెడు ఇనుప కడ్డీ. మైక్రోమీటర్ పెట్టి చూస్తే ఒక కొస లావు, ఒక కొస సన్నం. ఛీ.

జూన్ 5
మళ్లీ అంతే. కోసే టూల్ మార్చాను. అయినా అంతే.
బావమరిది అప్పలరాజు ఫోను. "బావా, నా బోటు బుష్ ఏటైంది? నిషేధం అయిపోగానే పదిహేనుకి సేపల ఏటకెల్లిపోవాల." ఇంజను షాఫ్టు తిరిగే ఆ లోహపు గొట్టం బజార్లో కొనుక్కోమన్నాను. "అది నెలకే అరిగిపోతంది. నువ్వు సేసింది పదేళ్లొచ్చింది" అన్నాడు.
అది నా చేతులకు పది వేళ్లూ ఉన్నప్పటి మాట.

జూన్ 7
ఈ రోజూ టేపరే, ఒక కొస లావు, ఒక కొస సన్నం. కుడిచేతికి ఉంగరం వేలు, చిటికెన వేలు లేవు. హ్యాండిల్ మూడింటితోనే తిప్పాలి, సమంగా తిప్పలేకపోతున్నానేమో... గ్లౌజు తొడుక్కుని తిరిగే చక్ దగ్గర చెయ్యి పెట్టిన తప్పు నాదే. నేను పనిచేసిన ఆ లేత్ షాపులో గ్లౌజులొద్దని అందరికీ చెప్పేవాణ్ణి నేనే.
సత్యవతి గుమ్మంలోంచి — "సెయ్యి వణుకుతందేటండి?"
నోర్ముయ్ అన్నాను. అనకూడదు.

జూన్ 8
గదిలోకి వెళ్లలేదు.

జూన్ 9
చెయ్యి తగలకుండా, టూల్ దానంతటదే జరిగే ఆటో ఫీడ్‌లో పెట్టి కోశాను. టేపర్ అలాగే ఉంది! అంటే నా చెయ్యి కాదు. మొదటిరోజే చూడాల్సింది. నన్ను నేనే అనుమానించుకుంటూ కూర్చున్నాను.
లెవెల్ పెట్టి చూస్తే లేత్ అడుగు దిమ్మె, బెడ్, మెలి తిరిగి ఉంది. బోల్టులన్నీ విప్పాను. ఓ మూల కాలు కింద మడతపెట్టిన రాగిరేకు. దాని మీద గడులు, బీజాక్షరాలు.
సత్యవతిని అడిగాను. "యంత్రం అండి. పంతులుగారిచ్చారు. ఈశాన్యం కాలు కింద ఎట్టమన్నారు. మిషన్ దింపినప్పుడే ఎట్టీసినాను."
యంత్రం కింద యంత్రం! పాతికేళ్లు లేత్ మీద టర్నర్‌గా చేసినవాణ్ణి వారంరోజులు వెర్రివాణ్ణి చేసింది. "మిషన్‌కి దిష్టి తగుల్తాదనా?" అని అరిచాను.
"మిషన్ ఏటైపోతే నాకేటి? మీ ఏళ్ల కోసం ఎట్టినాను. ఉన్న ఎనిమిదైనా ఉంటాయని."


జూన్ 10
రేకు తీసేసి బిగించి కోశాను. ఈ కొసా ఆ కొసా ఒక్కటే. పిలిచి చూపించాను. చూసింది. నవ్వలేదు.

జూన్ 12
పొద్దస్తమానం కరెంటు లేదు.

జూన్ 13
బుష్ చెయ్యడానికి గన్‌మెటల్, అంటే కంచు, ముక్కలు రెండున్నాయి. మొదటిది ఎక్కించాను. పైకోత నున్నగా వచ్చింది. లోపల రంధ్రం కోసే బోరింగ్ మొదలెట్టగానే సత్యవతి స్టూలు తెచ్చుకుని స్విచ్చి పక్కన కూర్చుంది. "నాను ఇక్కడే కూకుంతాను. మీరు సేసుకోండి."
చక్ మీదికి కాస్త వంగానో లేదో — టక్. ఆపేసింది. కోత మధ్యలో ఆగితే లోపల గీత పడుతుంది. మళ్లీ వేశాను. టక్. మళ్లీ. టక్. మూడు గీతలు. ముక్క పాడైపోయింది. తిట్టాను.
"ఆ రోజు షాపులో ఇలాగ ఎవలైనా కూకుంటే..." అంది.

జూన్ 14
రేపే బోటు సముద్రంలోకి దిగుతుంది. అప్పలరాజు సాయంత్రం వస్తానన్నాడు. ఉన్నది ఒక్క ముక్క.
సత్యవతిని బతిమాలి వంటింట్లోకి పంపాను. తలుపు వేశాను. చొక్కా చేతులు పైకి మడిచి స్విచ్చి వేశాను. పైకోత అయింది. బోరింగ్. టూల్ సగం లోపలికి వెళ్లింది... బాగా కోస్తోంది. చూడ్డానికి కొంచెం వంగాను —
టక్.
గదిలో ఎవరూ లేరు. ఆపింది నేను.
గీత పడిందో లేదో ఇంకా వేలు పెట్టి చూడలేదు. చక్ పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. వంటింట్లోంచి అడుగుతోంది — "అయిపోనాదేటండి?"